ఖాళీ గిన్నెల ప్రాజెక్టు

మదార్ సాహెబ్ పరీక్ష తప్పడానికి కారణం ఆయన భార్య మెహబూబ్ బీ. ఇందులో వాదనకు చోటు లేదు. వన్ టౌన్‌లో ఎవరిని అడిగినా వేరే కారణం చెబుతారు. వాళ్ళని అడగనక్కర్లేదు.

మదార్ సాహెబ్‌కి యాభై రెండేళ్ళు. స్టీలు సామాన్ల హోల్‌సేల్ గోడౌన్‌లో ఇరవై ఆరేళ్ళుగా మేనేజరు. చెంచా మొదలుకొని పెళ్ళిళ్ళలో సాంబారు కాచే గంగాళం దాకా ఏ సరుకు ఏ అటక మీద ఉందో కళ్ళు మూసుకుని చెప్పగలడు. మధ్యాహ్నం పూట కళ్ళు మూసుకునే చెబుతాడు. బజారులో ఆయన్ని గోడౌన్ నవాబు అంటారు. నవాబుకి సింహాసనం కూడా ఉంది, చేతులు అరిగిపోయిన టేకు కుర్చీ. ఆయన కాక దాని మీద కూర్చున్న ప్రాణి గోడౌన్ పిల్లి ఒక్కటే. అదీ ఆదివారాలు మాత్రమే.

ఆ కుర్చీకి గండం వచ్చింది. సంక్రాంతి వెళ్ళిన వారానికి యజమానురాలు పద్మావతమ్మ గోడౌన్‌కి వచ్చి, కూర్చోకుండానే విషయం చెప్పింది.

"మదార్ గారూ, వేసవిలో మనకి కంప్యూటర్లు వస్తున్నాయి. సరుకు సమాచారమంతా ఇక అందులోనే. ఆ కుర్చీలో కూర్చునేవాళ్ళకి ఆ చదువు ఉండాలి. మీరే చదువుతానంటే నాకు సంతోషం. మొదటి సెమిస్టరు గట్టెక్కిన కాగితం తెచ్చి చూపించండి, కుర్చీ మీదే. లేదంటే చదివినవాళ్ళని పెట్టుకుంటాను. మీరు వాళ్ళకి సాయంగా ఉందురుగాని."

"సాయంగా అంటే, అమ్మగారూ?"

"పక్కన స్టూలు వేయిస్తాను."

మదార్ సాహెబ్ ఆ రోజు అన్నం సగమే తిన్నాడు. మిగతా సగం బిరియానీ కాబట్టి అదీ తిన్నాడు. కానీ బాధగా తిన్నాడు.

బి.ఏ. ఆయన దూరవిద్యలో పాసయ్యాడు. ఎంత దూరమంటే, ఆ చదువు ఇంతవరకు ఆయన దగ్గరికి వచ్చి చేరలేదు. అయినా పట్టా పట్టాయే. దాన్ని బీరువాలోంచి తీసి దులిపి, ఇన్ఫర్మేషన్ సిస్టమ్స్ మేనేజ్‌మెంట్‌లో ఆన్‌లైన్ మాస్టర్ డిగ్రీకి దరఖాస్తు పెట్టాడు. సీటు వచ్చింది. ఆ కోర్సు పేరు ఒక్క గుక్కలో చెప్పడం నేర్చుకోవడానికి రెండు రోజులు పట్టింది. ఆ కోర్సులో ఆయన స్వయంగా నేర్చుకున్నది అదే.

క్లాసులు సోమవారం నుంచి శుక్రవారం దాకా, సాయంత్రం ఏడింటికి మొదలై ఎనిమిదిన్నరకి అయిపోతాయి. సరిగ్గా ఆ వేళకే మార్కెట్ దగ్గర టీ కొట్టులో ఆయన కోసం నలుగురు ఎదురుచూస్తుంటారు. ఇటు చదువు, అటు స్నేహం. మదార్ సాహెబ్ రెండింటికీ అన్యాయం జరగకుండా ఒక ఉపాయం ఆలోచించాడు.

"నువ్వు చేయాల్సింది ఏమీ లేదు, మెహబూబ్," అన్నాడు వంటింటి గుమ్మంలో నిలబడి. "ఫోను పోపులపెట్టెకి ఆనించి పెట్టు. కెమెరా ఆపేసి ఉంటుంది. నా పేరు పిలిచినప్పుడు 'ప్రెజెంట్ సర్' అని టైపు చెయ్. అంతే."

"మరి మీరెక్కడుంటారు?"

"పని మీద ఉంటాను."

"ఆ పనిలో అల్లం వేస్తారా, యాలకులా?"

"చదువంటే ఎంత భారమో నీకేం తెలుసు?"

"భారమంతా నా పోపులపెట్టె మీదే కదండీ పెడుతున్నారు."

మెహబూబ్ బీ పెళ్ళికి ముందే బి.కాం. ఫస్టు క్లాసులో పాసైంది. ఈ సంగతి మదార్ సాహెబ్‌కి తెలుసు. తెలిసిన సంగతులన్నీ గుర్తుంచుకోవాలని నిఖాలో ఎవరూ షరతు పెట్టలేదు.

పాఠం చెప్పే ఆయన పేరు జానకిరామ్. ఇంగ్లీషులో బయలుదేరి పది నిమిషాలకి తెలుగులో తేలేవాడు. మెహబూబ్ బీ మొదటివారం వెల్లుల్లి ఒలుస్తూ విన్నది. రెండోవారం వెల్లుల్లి ఒలవడం ఆపి విన్నది. మూడోవారం ఒక నోటుబుక్కు కొన్నది. ఆ వారమంతా ఆ ఇంట్లో కూరల్లో వెల్లుల్లి లేదు. మదార్ సాహెబ్ దాన్ని డాక్టరు సలహా అనుకున్నాడు.

ఒక పొద్దున ఆమె ఆయన్ని ఆపింది.

"ఏమండీ, మీ లుంగీలు మూడూ ఒకే రంగు, ఒకే గళ్ళు. ఏది ఉతికిందో, ఏది విడిచిందో నాకు తెలియడం లేదు. ప్రతి వస్తువుకీ దానికే చెందిన గుర్తు ఒకటుండాలి. ప్రైమరీ కీ అంటారు."

"లుంగీకి తాళంచెవి దేనికి?"

"మీరు టీ కొట్టుకి వెళ్ళండి."

వెళ్ళాడు. అక్కడ తన చదువు గురించి గంటసేపు మాట్లాడాడు. డేటాబేస్ అంటే ఏమిటని ఎవరో అడిగితే, "గోడౌన్ లాంటిదే, కాకపోతే దుమ్ముండదు," అన్నాడు. అందరూ తలలూపారు. ఎక్కువ చదివినవాడి మాట ఎప్పుడూ తేలిగ్గానే ఉంటుందని ఒకాయన అన్నాడు.

రంజాన్ వచ్చింది. ఇఫ్తార్ అవగానే ఆమె ఫోను ముందుకి, ఆయన టీ ముందుకి.

"మార్కులు ఎలా వస్తున్నాయి?" అని అడిగేవాడు వారానికోసారి.

"బాగానే వస్తున్నాయి."

"జానకిరామ్ గారేమంటున్నారు?"

"మెచ్చుకుంటున్నారు."

మదార్ సాహెబ్ మీసం సర్దుకునేవాడు. తనలో ఇంత తెలివి ఉన్నట్టు ఆయనకే తెలియదు.

పండగ అయిన నాలుగు రోజులకి చదువు ఆయన మెడకి చుట్టుకుంది. ఆదివారం పదకొండింటికి ప్రతి విద్యార్థీ కెమెరా ముందుకి రావాలి. తన చుట్టుపక్కల నిజంగా నడుస్తున్న ఒక సమాచార వ్యవస్థను చూపించి, అదెలా పనిచేస్తుందో చెప్పాలి. దాని మీద ప్రాజెక్టు ముందే రాసి పంపాలి. ఇందులో గట్టెక్కితేనే సెమిస్టరు గట్టెక్కినట్టు.

"ప్రాజెక్టు రాశావా?"

"రాశాను. ఇరవై పేజీలు. మన బిల్డింగులో తిరిగే గిన్నెల మీద."

"గిన్నెల మీద మాస్టర్ డిగ్రీయా?"

"గిన్నెల మీదే కదండీ ఇరవై నాలుగేళ్ళుగా మన సంసారం నడిచింది."

గిన్నెల సంగతి ఇది. వించిపేటలో వాళ్ళుండే బిల్డింగులో పదకొండు వాటాలు. వెనక సందులో పద్మావతమ్మ ఇల్లు. మొత్తం పన్నెండిళ్ళు. ఒక ఇంట్లో మంచి కూర వండితే గిన్నె పక్కింటికి వెళుతుంది. ఆ గిన్నె ఖాళీగా వెనక్కి రాకూడదు. ఏదో ఒకటి పెట్టి పంపాలి, ఏమీ లేకపోతే గుప్పెడు పంచదారైనా పొయ్యాలి. ఖాళీ గిన్నె పంపడమంటే, మీకూ మాకూ చెల్లు అని చెప్పడం. ఒకసారి కింది వాటావాళ్ళు పరధ్యానంలో ఖాళీ గిన్నె పంపారు. రెండు కుటుంబాలు ఏడాదిపాటు మెట్ల మీద ఎదురుపడకుండా తిరిగాయి.

ప్రతి గిన్నె మీదా పేరు చెక్కి ఉంటుంది. ఏ గిన్నె ఏ రోజు ఎవరింటికి వెళ్ళింది, ఎవరికి ఏది పడదు, ఎవరి గిన్నె దేనికోసం ఆపి ఉంచాలి, ఇదంతా మెహబూబ్ బీ వంటింటి క్యాలెండరు వెనక పెన్సిలుతో రాసి పెట్టుకునేది. ఆ వాటాలోకి వచ్చిన పంతొమ్మిదేళ్ళలో ఒక్క గిన్నె పోలేదు. ఒక్క మాటా రాలేదు.

"ఒకసారి చదవండి," అని ఆమె ఇరవై పేజీలూ ఆయన ముందు పెట్టింది.

"వంటిల్లు నాది, గిన్నెలు నా గోడౌన్‌వి. నేను చదవాల్సిందేముంది?"

శనివారం మధ్యాహ్నం మెహబూబ్ బీ ఉయ్యూరులో ఉన్న చెల్లెలు ఆస్మాని చూడడానికి బయలుదేరింది. చెప్పులు వేసుకుంటూ రెండు మాటలు చెప్పింది.

"రేపు పదకొండు లోపల వచ్చేస్తాను. వంటింట్లో ఒక్క వస్తువు కదపొద్దు."

ఆమె రెండుసార్లు చెప్పి ఉంటే కదిపేవాడు కాదేమో. ఒక్కసారే చెప్పింది. ఇదీ ఆమె తప్పే.

ఆదివారం ఉదయం మదార్ సాహెబ్ వంటింట్లోకి వెళ్ళి చూశాడు. గట్టు మీద పరాయివాళ్ళ గిన్నెలు అయిదు బోర్లించి ఉన్నాయి. తమ గిన్నెలు ఉండాల్సిన అరలో ఏడు చోట్లు ఖాళీ. సొంత సరుకు బయట, పరాయి సరుకు లోపల. ఇరవై ఆరేళ్ళ గోడౌన్ రక్తం ఉడికిపోయింది. తనిఖీ అధికారి వచ్చే రోజున సరుకిలా ఉంటే ఏ మేనేజరైనా బతికి బట్టకడతాడా? బయటిది లోపలికి రావాలి, పరాయిది బయటికి పోవాలి. గోడౌన్ ధర్మం అది.

ఏడున్నరకల్లా అయిదు గిన్నెలూ చింతపండు పెట్టి తోమాడు. అద్దంలా మెరిసేలా తుడిచాడు. తీసుకుని మెట్లెక్కాడు.

పై వాటాలో ఉండే హెలెన్ బడిలో టీచరు. ఈస్టరుకి ముందు వచ్చే మట్టలాదివారం ప్రార్థనకి బయలుదేరుతోంది.

"మీ గిన్నె, అమ్మా."

హెలెన్ గిన్నెలోకి చూసింది. ఆయన ముఖంలోకి చూసింది. మళ్ళీ గిన్నెలోకి చూసింది.

"అక్క పంపిందా?"

"ఆవిడ ఊళ్ళో లేదు. నేనే తెచ్చాను. తోమి తెచ్చాను."

"తోమి మరీ తెచ్చారా," అన్నది హెలెన్.

అదే మాదిరి ఇంకో మూడిళ్ళు. వెనక సందులో పద్మావతమ్మ ఇంట్లో ఆవిడ పూజలో ఉంటే, గుమ్మం పక్కన అరుగు మీద గిన్నె పెట్టి వచ్చాడు. ఎండకి అది బాగా మెరిసింది.

తరవాత వసూలు. కింది వాటాలో ఆటో నడిపే జక్కయ్య చాప మీద కూర్చుని దోసె తింటున్నాడు. పక్కన మెహబూబ్ బీ నిన్న పంపిన గిన్నె, అందులో కీమా.

"జక్కయ్యా, ఆ గిన్నె ఇలా ఇవ్వు."

"తింటున్నానండీ, సాయిబు గారూ."

"కీమా నువ్వే ఉంచుకో. గిన్నె ఇవ్వు. తనిఖీ ఉంది."

"దేంట్లో ఉంచుకోమంటారు?"

"చేతిలో ఉంచుకో."

జక్కయ్య దోసె మీద కీమా గుమ్మరించుకుని గిన్నె ఇచ్చాడు. అతని భార్య లోపల్నుంచి, "మనమేమన్నా అన్నామా వాళ్ళని?" అని అడగడం మదార్ సాహెబ్‌కి వినపడింది. పట్టించుకోలేదు. వ్యవస్థ నడిపేవాడు చిన్న మాటలు పట్టించుకోడు.

పదిన్నరకి ఏడు గిన్నెలూ ఇల్లు చేరాయి. వాటిని మెరిసేలా తుడిచి, పెద్దది ముందు, చిన్నది వెనక, వంటింటి గట్టు మీద వరసగా నిలబెట్టాడు. సైనిక కవాతులా ఉంది. ఇస్త్రీ చొక్కా వేసుకుని, అత్తరు రాసుకుని ఫోను ముందు కూర్చున్నాడు. ఫోనుకి వాసన తెలియదని ఎవరూ చెప్పలేదు.

పదకొండయ్యింది. మెహబూబ్ బీ ఇంకా రాలేదు. తెర మీద జానకిరామ్ ప్రత్యక్షమయ్యాడు.

"మదార్ సాహెబ్ గారూ, ఇన్నాళ్ళకి దర్శనం. మీ వ్యవస్థ ఎలా ఉంది?"

"పూర్తిగా అదుపులో ఉంది సర్. గిన్నెలన్నీ లోపల ఉన్నాయి. బయట ఒక్కటి లేదు."

"ఒక్కటి కూడానా?"

"ఒక్కటి కూడా లేదు సర్. పరాయివి కూడా అప్పగించేశాను."

జానకిరామ్ కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు.

"ప్రాజెక్టు పదకొండో పేజీలో ఒక మాట ఉంది, చదువుతాను వినండి. 'ఒకరి గిన్నె ఇంకొకరి ఇంట్లో ఉన్నదంటే ఆ రెండిళ్ళ మధ్య మాట మిగిలి ఉన్నట్టు. ఎవరి గిన్నెలు వాళ్ళ ఇంటికి చేరిపోయిన రోజున ఈ వ్యవస్థ చచ్చిపోయినట్టే.' మరి మీరు చంపేశారా?"

"చంపలేదు సర్. తోమాను."

అప్పుడే తలుపు తట్టారు. హెలెన్ వచ్చింది, చర్చి నుంచి నేరుగా, ఒక చేతిలో మట్ట, ఇంకో చేతిలో ఖాళీ గిన్నె. వెనక జక్కయ్య, అతని భార్య. వాళ్ళ వెనక మరో రెండు వాటాలవాళ్ళు. హాలు నిండింది.

"నా తప్పేంటో చెప్పండి," అన్నది హెలెన్. "పంపిన గోంగూర పచ్చడి పాడైందా?"

"మాది చెప్పండి ముందు," అన్నది జక్కయ్య భార్య. "నోటి దగ్గర గిన్నె లాక్కునేంత పని ఏం చేశాం?"

"లాక్కోలేదండీ, వెనక్కి తీసుకున్నారు," అన్నాడు జక్కయ్య న్యాయంగా. "తనిఖీ అంట."

"కాస్త మెల్లగా. క్లాసు జరుగుతోంది," అన్నాడు మదార్ సాహెబ్.

"జరగనివ్వండి, జరగనివ్వండి," అన్నాడు జానకిరామ్ తెర మీద నుంచి. "అందరూ కనిపించేలా ఫోను కొంచెం వెనక్కి పెట్టండి."

ఇంతలో జనం పక్కకి జరిగి దారి ఇచ్చారు. పద్మావతమ్మ. ఆయాసపడుతూ మెట్లెక్కి వచ్చింది. చేతిలో తళతళలాడే ఖాళీ గిన్నె. కుర్చీ చూపించినా కూర్చోలేదు.

"పంతొమ్మిదేళ్ళుగా ఈ గిన్నె నా గుమ్మంలోకి ఖాళీగా రాలేదు, మదార్ గారూ. మా ఆయన పోయినరోజు కూడా పళ్ళతో వచ్చింది. స్టూలన్న మాటకి ఇంత కోపమొచ్చిందా మీ ఇంట్లో?"

మదార్ సాహెబ్ చొక్కా కాలరు సర్దుకున్నాడు.

అప్పుడు మెహబూబ్ బీ వచ్చింది. ఉయ్యూరు బస్సు బెంజి సర్కిల్ దగ్గర అరగంట ఆగిపోయిందట. భుజాన సంచి, ముఖాన చెమట. హాలులో జనాన్ని చూసింది, చేతుల్లో గిన్నెల్ని చూసింది, గట్టు మీద కవాతు చూసింది. భర్తని మాత్రం చూడలేదు. చూడనక్కర్లేదు. క్యాలెండరు తీసి వెనక్కి తిప్పింది.

"హెలెన్, నీ గిన్నె పోయిన బుధవారం వచ్చింది. ఈస్టరు దాకా మాంసం ముట్టనన్నావు. ఆ పండగ పొద్దున దమ్ బిరియానీ పెట్టి పంపుదామని ఆపాను. రాసి ఉంది, చూడు. జక్కయ్యా, నీకు నిన్న పంపింది కారం తగ్గించిన కీమా, నీ కడుపులో మంట కోసం. దోసె మీద పోసుకున్నావా? పోనీలే, లోపల ఇంకా ఉంది." మిగతా ఇద్దరికీ చెరో మాట చెప్పింది. చెబుతూనే ఎవరి గిన్నె వాళ్ళ చేతుల్లోంచి తీసుకుంది. చివరికి పద్మావతమ్మ దగ్గరికి వచ్చింది.

"అమ్మగారూ, మీరు మా ఇంట్లో వండిన పదార్థం తినరు, కొయ్యని పళ్ళే తీసుకుంటారు. మీ గిన్నె మామిడి కోసం ఆపాను. మొదటి రసాలు దిగడానికి ఇంకా నెల పడుతుంది. ఆలస్యమే అది, కోపం కాదు."

పద్మావతమ్మ అప్పుడు కూర్చుంది. కొంగుతో కళ్ళు తుడుచుకుంది.

"గిన్నె ఇలా తెచ్చింది ఎవరు?"

అందరూ మదార్ సాహెబ్ వైపు చూశారు. అత్తరు వాసన వైపు చూసినా సరిపోయేది.

"నమస్కారం, మెహబూబ్ బీ గారూ," అన్నాడు జానకిరామ్. "ఉయ్యూరులో అందరూ బాగున్నారా?"

మదార్ సాహెబ్ ఉలిక్కిపడ్డాడు. "మా ఆవిడ మీకు తెలుసా సర్?"

"తెలియకపోవడమేంటి? నెలరోజుల పైగా నా స్టూడెంటు."

మెహబూబ్ బీ కొంగు సర్దుకుంది.

"రంజాన్ మొదటి రోజే రాసేశానండీ. రోజా ఉపవాసం ఉండి, లేని మనిషిని ఉన్నారని ఎట్లా టైపు చెయ్యను? 'సర్, ఆయన టీ కొట్టులో ఉన్నారు, నేను ఆయన భార్యని, పాఠం వినొచ్చా' అని అడిగాను. వినమన్నారు."

"ఆ రోజు నుంచి మీ హాజరు పడలేదు," అన్నాడు జానకిరామ్. "ఆవిడే బతిమాలారు, ఒక్క అవకాశం ఇవ్వండి, గోడౌన్‌లో ఆయనంత తెలిసినవాడు లేడు అని. అందుకే మిమ్మల్ని ఈ పరీక్షకి రానిచ్చాను. ఇరవై పేజీల్లో ఒక్కటి చదివినా గట్టెక్కించేవాణ్ణి."

"మరి మార్కులు బాగా వస్తున్నాయన్నావు?"

"వస్తున్నాయి. ఎవరికని మీరు అడగలేదు."

జక్కయ్య నవ్వు ఆపుకోవడానికి గోడవైపు తిరిగాడు. గోడ కూడా నవ్వుతున్నట్టే ఉంది.

మదార్ సాహెబ్ తప్పాడని జానకిరామ్ అక్కడికక్కడే చెప్పాడు. మెహబూబ్ బీ బి.కాం. పట్టా పంపిందనీ, వచ్చే బ్యాచ్‌లో మొదటి సీటు ఆవిడదేననీ కూడా చెప్పాడు. తెర ఆరిపోయింది. జనం కదల్లేదు. టికెట్టు కొన్నవాళ్ళలా నిలబడ్డారు.

"ఇక కుర్చీ సంగతి తేలిపోయింది," అన్నది పద్మావతమ్మ. "మెహబూబ్, వేసవి నుంచి నువ్వే వచ్చి కూర్చో."

మదార్ సాహెబ్ నేలచూపులు చూస్తున్నాడు. ఆ ముఖం మెహబూబ్ బీ ఇరవై నాలుగేళ్ళ కాపురంలో ఒక్కసారే చూసింది, ఆయన తల్లి పోయినప్పుడు.

"ఆ కుర్చీ నాకొద్దమ్మా," అన్నది. "దాని చేతులు ఆయన మోచేతులకి అరిగాయి. నా మోచేతులకి సరిపోవు. నాకు ఎదురుగా ఒక బల్ల వేయించండి, కంప్యూటరు దాని మీద పెట్టించండి. ఏ సరుకు ఎక్కడుందో ఆయన చెప్పాలి, నేను ఎక్కించాలి. ఆయన లేకపోతే నా చదువు గోడౌన్‌లో ఒక చెంచా కూడా వెతకలేదు."

"మరి మేనేజరు ఎవరే?" అని అడిగింది పద్మావతమ్మ.

"అది యజమాని చెప్పాల్సిన మాట."

యజమాని చెప్పింది. గోడౌన్ తలుపు పక్కన బోర్డు మీద ఇప్పుడా పేరు, దాని పక్కన బి.కాం. అని ఉన్నాయి. కావలసినవాళ్ళు వెళ్ళి చదువుకోవచ్చు.

ఆ మధ్యాహ్నం మెహబూబ్ బీ ఏడు గిన్నెలూ నింపింది. ఎవరికి ఏది వెళ్ళాలో చీటీ రాసి భర్త జేబులో పెట్టింది. మదార్ సాహెబ్ ఏడిళ్ళ మెట్లూ ఎక్కి దిగాడు. ప్రతి గుమ్మంలోనూ చీటీ తీసి చదివి, గిన్నె ఇచ్చి, తప్పయిందని చెప్పాడు. జక్కయ్య గిన్నె అందుకుని, "ఈసారి తినేదాకా ఆగుతారాండీ, మళ్ళీ తనిఖీ ఉందా?" అని అడిగాడు. ఆగాడు. జక్కయ్య భార్య వేడి దోసె వేసి పెడితే కూర్చుని తిన్నాడు కూడా.

ఇంటికి వచ్చేసరికి మెహబూబ్ బీ టీ కలిపి పెట్టింది. ఇద్దరూ గట్టు దగ్గరే నిలబడి తాగారు. గట్టు మీద మళ్ళీ పరాయి గిన్నెలున్నాయి. ఆయన వాటిని లెక్కపెట్టలేదు.

"జులైలో మళ్ళీ రాయొచ్చటండీ," అన్నది ఆమె. "నా పక్కనే కూర్చుని వినండి. నేను చెబుతాను."

"ఆ పరీక్ష విషయం నా దగ్గర ఇంకెప్పుడూ ఎత్తకు," అన్నాడు మదార్ సాహెబ్. "నేను మాట్లాడను."

మాట్లాడలేదు. మాట్లాడడు.